నేపుల్స్ వెళ్తున్న మేనకోడలికి

చిట్టితల్లికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ మొత్తం చూశాను. నాలుగు రోజులకి 19 చోట్లు. ఎక్కడ ఎన్నింటికి ఉండాలి, అక్కణ్ణుంచి తర్వాతి చోటికి ఎన్ని నిమిషాలు, టికెట్టెంత, అన్నీ రంగులేసి మరీ పెట్టావు. ఆఫీసులో నీకు వరసగా రెండు ప్రమోషన్లు ఎలా వచ్చాయో ఇప్పుడు తెలిసింది. కాకపోతే అందులో ఒక కాలమ్ తక్కువైంది. మీ అమ్మ మోకాళ్ళు ఎక్కడా కనబడలేదు.

మా చెల్లెలి సంగతి నాకు తెలుసు. నొప్పి పుడితే నోరు విప్పి చెప్పదు. "నేనిక్కడ కూర్చుంటా, మీరు చూసి రండి" అంటుంది. సింహాచలంలో అలాగే అంది, అరకులో బొర్రా గుహల దగ్గరా అలాగే అంది. కూతురి దగ్గర రెండు నెలలు ఉందామని మ్యూనిక్ వస్తున్న మనిషిని ఇటలీ తీసుకెళ్ళి బెంచీల మీద కూర్చోబెట్టి వస్తావా?

కాబట్టి ముందు ఆ షీట్‌లో కాప్రి ద్వీపం కొట్టెయ్. అమాల్ఫీ కొట్టెయ్. "వీలైతే రోమ్, ఒక పూట" అని పసుపు రంగులో పెట్టావే, దానికి మీ అత్తయ్య కూడా నవ్వింది, అదీ కొట్టెయ్. నేపుల్స్‌ని చాలామంది బస్టాండులా వాడుకుంటారు. దిగుతారు, పడుకుంటారు, తెల్లారి ఇంకెక్కడికో పరిగెడతారు. ఊరు మాత్రం చూడరు. నేను చెప్పేదల్లా ఒకటే. నాలుగు రోజులూ ఆ ఊళ్ళోనే ఉండండి. రోజుకి ఒక్క పెద్ద పని పెట్టుకోండి. మధ్యాహ్నం తిన్నాక గదికొచ్చి ఒక కునుకు తీయండి. సాయంత్రం నడవండి. చాలు.

ఓడ మీద జూనియర్ ఇంజనీరుగా ఆ రేవులో నేను మొదటిసారి దిగింది 1986లో. తెల్లవారుజామున డ్యూటీ దిగి, ఒంటికి నూనె జిడ్డుతోనే డెక్ మీదికొచ్చాను. మన విశాఖ రేవులోకి వస్తుంటే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎడమ పక్కన ఉంటుంది కదా, ఇక్కడ కుడి పక్కన వెసూవియస్ అగ్నిపర్వతం. రెండు మూపురాల కొండ, చూడటానికి ఎంతో సాధువుగా ఉంటుంది. ఎడమ పక్కన ఇంకో కొండ, దాని నెత్తిన కోట. మధ్యలో ఊరు, మెట్లు మెట్లుగా సముద్రం దాకా దిగుతూ. ఆ తర్వాత ఎన్నోసార్లు వెళ్ళాను గానీ, ఓడ మనిషి ఊరు చూసేది తక్కువ, పంపులు వాల్వులు చూసేది ఎక్కువ. సరిగ్గా చూసింది 2017లో, రిటైరయ్యాక మీ అత్తయ్యతో వెళ్ళినప్పుడే. అప్పుడూ ఒక రోజు పాడుచేసుకున్నాను. అది కాప్రి పుణ్యమే.

ఆ కథ చెప్తాను, ఎందుకంటే నీ షీట్‌లో కాప్రికి ఆరు గంటలు కేటాయించావు. కాప్రికి పోయే స్పీడ్ బోట్లు మోలో బెవెరెల్లో అనే చోటి నుంచి బయలుదేరతాయి. ముప్పావు గంట, యాభై నిమిషాల ప్రయాణం. ఇవి తేలికపాటి పడవలు. నైరుతి గాలి కొంచెం గట్టిగా లేచిందంటే ఆపేస్తారు. ఆ రోజు పొద్దున్నే హోటల్ కిటికీలోంచి నీళ్ళ మీద తెల్లటి నురగ గీతలు చూశాను. అది చూడగానే ఆగిపోవాల్సింది. జీవితమంతా సముద్రం మీద బతికినవాణ్ణి, "ఏం కాదు పద" అన్నాను. క్యూలో రెండు గంటలు నిలబడ్డాక పడవ రద్దని బోర్డు మీద పడింది. మీ అత్తయ్య ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. ఒకవేళ వెళ్ళినా, అక్కడ అందరూ ఎగబడి చూసే నీలి గుహ ఉందే, దాని వాకిలి మీటరు ఎత్తు ఉంటుందేమో. చిన్న పడవలో వెల్లకిలా పడుకుని లోపలికి దూరాలి. అల కాస్త లేస్తే అదీ మూసేస్తారు. మీ అమ్మని పడవలో పడుకోబెట్టే ధైర్యం నీకుందా?

ద్వీపం చూడాలని మరీ మనసైతే ప్రొచీదా వెళ్ళండి. చిన్నది, రంగురంగుల జాలరి ఇళ్ళు, కాప్రికున్నంత హడావుడి ఉండదు. కలాతా పోర్తా ది మాస్సా అనే ఇంకో రేవు నుంచి పెద్ద ఫెర్రీలు వెళ్తాయి, కార్లు కూడా ఎక్కించుకునేవి. గంట పడుతుంది గానీ స్పీడ్ బోట్లు ఆగిపోయే గాలిలో కూడా ఇవి చాలాసార్లు నడుస్తాయి. ఏదైనా సరే, ఊరికి తిరుగు ప్రయాణం ఉన్న రోజున పడవ ఎక్కొద్దు. ఓడవాడి మాట ఇది, రాసి పెట్టుకో.

అమాల్ఫీ సంగతి మూడు ముక్కల్లో చెప్తాను. రోడ్డు అందంగా ఉంటుంది. ఘాట్ రోడ్డు. మీ అమ్మకి పాడేరు ఘాట్‌లోనే వాంతులు.

ఇక రోజుల లెక్క. నువ్వు అక్టోబరు మొదటి శనివారం మధ్యాహ్నం దిగి బుధవారం సాయంత్రం ఫ్లైట్ ఎక్కుతానన్నావు. అక్టోబరు మంచి నెల, ఎండ మాడ్చదు, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. అయితే మ్యూజియం, సాన్‌సెవెరో చాపెల్ రెండూ మంగళవారం పెట్టావు. రెండిటికీ మంగళవారమే సెలవు. ఇలా తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాళ్ళు ప్రతి మంగళవారం కనబడతారు. పోనీ ఆదివారానికి మారుద్దామంటే, అది నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు ప్రభుత్వ మ్యూజియాలు, వెసూవియస్ పూడ్చేసిన పాత ఊరు పాంపేయి, అన్నీ ఉచితం. ఉచితం అంటే జనం ఎలా ఉంటారో నీకు నేను చెప్పాలా. అందుకని ఆదివారం పాత ఊళ్ళో తిరగండి. సోమవారం మ్యూజియం, చాపెల్. మంగళవారం తవ్వకాలు. బుధవారం పొద్దున కొండెక్కి ఊరంతా ఒకసారి చూసి, ఎయిర్‌పోర్టుకి. శనివారం సాయంత్రం ఏమీ పెట్టుకోవద్దు. సముద్రం ఒడ్డున రోడ్డు ఉంది, కార్లు రావు, దాని పక్కనే కాస్తెల్ దెల్లోవో అనే కోట. గుడ్డు కోట అని అర్థం. కవి వర్జిల్ మంత్రగాడని మధ్యయుగాల వాళ్ళ నమ్మకం. ఆయన కోట పునాదిలో ఒక గుడ్డు దాచాడట, అది పగిలితే ఊరు మునుగుతుందట. కోట బయటి నుంచి చూసినా చాలు. బావగారికి, అదే మీ నాన్నకి, ఈ కథ చెప్పి, వేరుశెనక్కాయలు తింటూ గట్టు మీద కూర్చోండి.

బస ఇంకా బుక్ చేయలేదన్నావు, మంచిదే. ఫోటోల్లో బాల్కనీ, పూలకుండీలు చూసి పడిపోకు. పాత ఊరి మేడలు అయిదంతస్తులు, ఆరంతస్తులు, ఒక్కో అంతస్తు మన రెండు అంతస్తులంత ఎత్తు, మెట్లు నల్లరాయి. లిఫ్టు ఉందా అని ఇంటివాళ్ళని రాతపూర్వకంగా అడుగు. "ఉంది" అంటే అది వీధి నుంచే మొదలవుతుందా, లేక రెండు అంతస్తులు ఎక్కాకనా అని కూడా అడుగు. మేమున్న చోట లిఫ్టులో డబ్బాకి ఒక చిల్లు ఉండేది. అందులో 10 సెంట్ల నాణెం వేస్తేనే కదులుతుంది! మొదటి రాత్రి మా దగ్గర నోట్లు తప్ప చిల్లర లేదు, నాలుగు అంతస్తులు పెట్టెలు మోశాం. అలాంటి లిఫ్టులు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నాయి, చిల్లర జేబులో పెట్టుకో. రైల్వే స్టేషన్ ముందున్న గారిబాల్ది చౌకులో గదులు చవకే గానీ, ఆ గోల మీ అమ్మ పడలేదు. తొలేదో మెట్రో స్టేషన్ చుట్టుపక్కల గానీ, మునిచీపియో దగ్గర గానీ చూడు. తొలేదో స్టేషన్ 2012లో తెరిచారు. ఎస్కలేటర్ మీద కిందికి దిగుతుంటే నెత్తిమీద నీలి మొజాయిక్ గుంట, సముద్రం అడుగున ఉన్నట్టుంటుంది. మెట్రో కోసం మునిచీపియో దగ్గర తవ్వుతుంటే రోమన్ల కాలం నాటి ఓడలు బయటపడ్డాయి, ఒకప్పుడు రేవు అక్కడిదాకా ఉండేదన్నమాట. ఆ ఊళ్ళో మెట్రో పని ఎందుకు తెమలదో అర్థమైందిగా, పార దించితే చాలు, చరిత్ర తగులుతుంది.

ఎయిర్‌పోర్టు ఊరికి ఆరేడు కిలోమీటర్లే. ఆలీబస్ అని బస్సుంది, స్టేషన్‌కీ రేవుకీ పోతుంది. పెద్దవాళ్ళు, పెట్టెలు ఉన్నాయి గనక టాక్సీ ఎక్కు. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి కార్పొరేషన్ నిర్ణయించిన రేటు ఉంటుంది. ఎక్కకముందే "తారీఫ్ఫా ప్రెదెతెర్మినాతా" అనాలి. కూర్చున్నాక అంటే మీటరే. ఈ రెండు మాటలు అద్దం ముందు నిలబడి పదిసార్లు ప్రాక్టీస్ చెయ్.

కాగితాల విషయం నీకు బాగా తెలుసు, అయినా చెప్తాను. అమ్మానాన్నలకి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా ఇటలీకీ చెల్లుతుంది, వేరే వీసా అక్కర్లేదు. ఆ వీసా కోసం తీసిన 30,000 యూరోల ఇన్సూరెన్సు కాగితం ఫోన్‌లో కాదు, ప్రింటు తీసి సంచిలో పెట్టు. షెంగెన్ లోపల ఫ్లైటే కదా అని పాస్‌పోర్టులు మ్యూనిక్‌లో వదిలేసి రావొద్దు. హోటల్ వాళ్ళు దిగగానే అడుగుతారు. నీ రెసిడెన్స్ కార్డుతో పాటు నీ పాస్‌పోర్టు కూడా.

ఇక ఊరు. నేపుల్స్ అసలు పేరు నెయాపొలిస్, గ్రీకు మాట. గ్రీకులు క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దంలో కట్టుకుని ఆ పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే కొత్తూరు. రెండున్నర వేల ఏళ్ళ కొత్తూరు! వాళ్ళు గీసిన వీధులే ఇప్పటికీ ఉన్నాయి, తూర్పు పడమరలుగా మూడు పెద్ద వీధులు, వాటిని కోస్తూ సందులు. ఒక వీధి ఊరిని రెండుగా చీల్చినట్టు తిన్నగా పోతుంది, దాన్నే స్పక్కానాపొలి అంటారు. వొమేరో కొండ మీంచి చూస్తే కత్తితో గీసినట్టు ఉంటుంది. అందుకే బుధవారం పొద్దున కొండ ఎక్కమన్నాను. ముందు నడిచి, తర్వాత పైనుంచి చూస్తే "అదిగో మనం కాఫీ తాగిన చోటు" అనొచ్చు. మెట్లు వద్దు, ఫునికొలారే అని తాడుతో లాగే రైలుంది, పది నిమిషాల్లో పైకి చేరుస్తుంది.

ఆదివారం ఆ వీధిలో ఏమీ వెతక్కుండా నడవండి. తలెత్తి చూస్తే బట్టలు ఆరేసి ఉంటాయి. పై అంతస్తు ముసలమ్మ తాడు కట్టిన బుట్ట కిందికి వదుల్తుంది, కొట్టువాడు అందులో రొట్టె పెడతాడు, లాక్కుంటుంది. చిన్నప్పుడు వన్ టౌన్‌లో మన మేడ మీంచి అమ్మమ్మ కూరగాయల వాడికి బుట్ట దించేది, నీకు మీ అమ్మ చెప్పే ఉంటుంది. మీ అమ్మకి ఆ బుట్ట చూపించు. నీ 19 చోట్ల కన్నా దాని గురించే ఊరికొచ్చాక ఎక్కువ చెప్తుంది.

అదే దారిలో సాన్ గ్రెగోరియో ఆర్మేనో అని ఒక సందు. అంతా బొమ్మలు చేసేవాళ్ళే. క్రిస్మస్‌కి వాళ్ళు ఇళ్ళల్లో ఏసు పుట్టిన పశువులపాక పేర్చుకుంటారు. పేరుకి పశువులపాక గానీ, చుట్టూ చేపలమ్మేవాడు, కసాయి, పిజ్జా కాల్చేవాడు, పడుకుని నిద్రపోయే గొర్రెలకాపరి, ఊరంతా ఉంటుంది. ఈ మధ్య ఫుట్‌బాల్ ఆటగాళ్ళనీ రాజకీయ నాయకుల్నీ కూడా చేరుస్తున్నారు. మన బొమ్మల కొలువే! మీ అమ్మ కొలువులో కొండపల్లి ఎడ్లబండి పక్కన పెట్టడానికి ఒక పిజ్జావాణ్ణి కొనిపెట్టు. మట్టిబొమ్మ, చేతిసంచిలోనే తెచ్చుకోండి.

రోడ్డు దాటడం గురించి మాత్రం నాకు టెన్షన్ లేదు. స్కూటర్లు సందుల్లోకి కూడా దూసుకొస్తాయి, జర్మన్ టూరిస్టులు అరగంట సేపు ఒడ్డునే నిలబడతారు. మీ నాన్న జగదాంబ జంక్షన్ దాటే మనిషి. ఆయన్ని ముందు పెట్టి మీరు వెనకాల నడవండి.

తిండి గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే మీ అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పిజ్జా పుట్టిల్లు గనక ఆకలితో పడుకునే పని లేదు. మార్గెరీతా నీకు తెలిసిందే. మరినారా అని ఇంకోటుంది, పేరులో సముద్రం ఉంది గానీ చేప ఉండదు. టమోటా, వెల్లుల్లి, ఒరేగానో, ఆలివ్ నూనె, అంతే. జున్ను కూడా ఉండదు. అక్కడి పొయ్యి వేడికి పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో కాలుతుంది. అందుకే మధ్యలో తడిగా, మెత్తగా ఉంటుంది. ఉడకలేదని బావగారు గొడవ పెట్టుకోకముందే చెప్పి ఉంచు. ముక్కలు కోసి తెచ్చివ్వరు, మనిషికి ఒకటి, చాకుతో కోసుకోవాలి. లేదంటే వీధిలో చిన్న పిజ్జాని నాలుగు మడతలు పెట్టి కాగితంలో ఇస్తారు, దాన్ని పర్సు పిజ్జా అంటారు. బావగారికి అది నచ్చుతుంది, చెయ్యి వాడొచ్చు.

చిక్కంతా మిగతా వాటితో. "వెజిటేరియన్" అంటే తలూపుతారు, తర్వాత ప్లేటులో చిన్న చేపముక్క కనబడుతుంది. "సెంత్సా కార్నే, సెంత్సా పేషే" అను, మాంసం వద్దు, చేప వద్దు అని. వాళ్ళ పొరల పేస్ట్రీ ఉంది, స్ఫొల్యతెల్లా, కొరికితే పొరలు పొరలుగా రాలుతుంది, నాకెంతో ఇష్టం. కానీ దాని పిండిలో సంప్రదాయంగా వేసేది పంది కొవ్వు. మిరియాలు వేసి చేసే చక్రాల్లాంటి తారాల్లీ అయినా అంతే. ఓడలో ఉన్నప్పుడు ఆ తారాల్లీ డబ్బాలకొద్దీ తిన్నాను, సంగతి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, మీ అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు. బాబా అనే స్పాంజి కేకు రమ్ములో నానబెట్టింది. అది తిని "సిరప్పు బాగుంది" అని మీ అమ్మ ఇంకోటి అడిగితే నా బాధ్యత కాదు. తినదగ్గవి చాలానే ఉన్నాయి. వంకాయ పొరల మధ్య టమోటా, జున్ను పెట్టి కాల్చే పార్మిజానా. ఫ్రియారియెల్లీ అని ఒక చేదు ఆకుకూర, మన మెంతికూర తిన్నవాళ్ళకి వెంటనే నచ్చుతుంది, దాన్ని సాసేజీతో కలిపి ఇవ్వొద్దని మాత్రం చెప్పాలి. బిల్లులో "కొపెర్తో" అని మనిషికి కొంత వేస్తారు, మోసం కాదు, అక్కడి పద్ధతి. నీళ్ళు అడిగితే "నతురాలే" అను, లేకపోతే సోడా వస్తుంది.

రాత్రి భోజనం ఏడున్నర, ఎనిమిది దాటితే గానీ దొరకదు. బావగారి షుగర్ మాత్ర ఏడింటికి. నీ సంచిలో చపాతీలో, అటుకుల మిక్చరో ఉండి తీరాలి. ఆవకాయ తెస్తే చెక్-ఇన్ లగేజీలో పెట్టు, నూనె ద్రవమే అని ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలో వేయిస్తారు.

కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగాలి, కూర్చుంటే రేటు మారుతుంది. చాలా చోట్ల ముందు డబ్బు కట్టి చీటీ తీసుకుని, అది కౌంటరు మీద పెట్టాలి. ముందు చిన్న గ్లాసుతో మంచినీళ్ళు ఇస్తారు, అవి కాఫీకి ముందు తాగాలి, తర్వాత కాదు. కాఫీ రెండు గుక్కలే, మన డికాక్షన్ కన్నా చిక్కన. మీ అమ్మకి కపుచ్చీనో చెప్పు. "లాత్తే" అని మాత్రం చెప్పకు, మ్యూనిక్ అలవాటు కొద్దీ అడిగితే వట్టి పాలు తెచ్చిస్తారు. అక్కడ ఇంకో పాత అలవాటుంది, ఒక కాఫీ తాగి రెండిటికి డబ్బు కడతారు, రెండోది తర్వాత వచ్చే లేనివాడికి. సొస్పేసో అంటారు దాన్ని. బావగారి చేత ఒకటి కట్టించు, పది మందికి చెప్పుకుంటాడు.

సోమవారం పొద్దున పురావస్తు మ్యూజియం. అంతా చూడాలని చూడకు. పాంపేయి నుంచి తెచ్చిన గోడ బొమ్మలు, మొజాయిక్‌లు, బొగ్గైపోయిన రొట్టె చూడండి. అన్నిటికన్నా ముందు మాత్రం మన బొమ్మ దగ్గరికి వెళ్ళు. జానెడు పొడవుంటుంది, దంతంతో చెక్కింది, ఒంటి నిండా నగలు, రెండు పక్కలా ఇద్దరు చెలికత్తెలు. 1938లో పాంపేయిలో ఒక ఇంట్లో దొరికింది. మొదట లక్ష్మీదేవి అన్నారు, తర్వాత యక్షిణి అన్నారు, పేరు మాత్రం పాంపేయి లక్ష్మిగానే నిలిచింది. ఇలాంటి బొమ్మే మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికింది, అది శాతవాహనులు ఏలిన దక్కన్. మన నల్గొండ జిల్లాలో మట్టిలోంచి రోమన్ నాణేలు బయటపడ్డాయి గదా, ఆ వ్యాపారానికి ఈ బొమ్మ రెండో కొస. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నాకన్నా రెండు వేల ఏళ్ళ ముందు మన వైపు నుంచి ఓడెక్కి ఇక్కడికొచ్చింది.

ఒక్క జాగ్రత్త. ఆ బొమ్మని ఉంచింది రహస్య గది అనే విభాగంలో. పాంపేయిలో దొరికిన శృంగార బొమ్మలన్నీ అక్కడే పెట్టారు. అమ్మానాన్నలతో కలిసి లోపలికి వెళ్ళకు. ముందు వాళ్ళిద్దర్నీ పంపు, నువ్వు తర్వాత వెళ్ళు. మేం వెళ్ళినప్పుడు మీ అత్తయ్య ఆ లక్ష్మి బొమ్మ తప్ప ఇంకేదీ చూడలేదని ఇప్పటికీ ఒట్టేస్తుంది.

సాయంత్రం సాన్‌సెవెరో చాపెల్‌కి టికెట్లు ఇప్పుడే ఆన్‌లైన్‌లో తీసుకో, అప్పటికప్పుడు దొరకవు. 1753లో జుసెప్పే సన్మార్తీనో అనే శిల్పి చెక్కిన క్రీస్తు పార్థివదేహం ఉంటుంది. దాని మీద పల్చటి ముసుగు, కింద ముక్కుపుటాలు, నుదుటి మీద నరం కనబడతాయి. అంతా ఒకే పాలరాయి, ముసుగుతో సహా. ఫోటోలు తీయనివ్వరు, అదే మంచిదైంది.

మంగళవారానికి నువ్వు పాంపేయి రాశావు. నేను ఎర్కొలానో అంటాను, పాత పేరు హెర్కులేనియం. క్రీస్తు శకం 79లో అదే వెసూవియస్, ఒకే పేలుడులో రెండు ఊళ్ళనీ పూడ్చింది. పాంపేయి పెద్దది, పేరున్నది. కానీ మైళ్ళకొద్దీ ఎగుడుదిగుడు రాళ్ళ బాట, నీడ తక్కువ, మోకాళ్ళకి మూడు గంటల శిక్ష. రోజుకి 20,000 మంది అని హద్దు పెట్టారంటే ఎంత జనమో చూసుకో. ఎర్కొలానో చిన్నది, రెండు గంటల్లో తీరిగ్గా చూడొచ్చు, పైగా ఎక్కువ మిగిలింది అక్కడే. పాంపేయి మీద బూడిద, తేలిక రాళ్ళు వానలా కురిసి పైకప్పులు కూలాయి. దీన్ని మండే బూడిద, ఆవిరి ప్రవాహం ముంచేసి గట్టిపడింది, దాంతో కర్ర బొగ్గయి నిలిచిపోయింది. రెండో అంతస్తులు ఉన్నాయి. ఒక ఇంట్లో హాలుకి అడ్డంగా పెట్టిన కర్ర తలుపుల అడ్డుగోడ ఇప్పటికీ నిలబడే ఉంది. కింద, ఒకప్పటి సముద్రపు ఒడ్డున, పడవలు దాచే కొట్లలో 300 మంది దాకా అస్థిపంజరాలు దొరికాయి. పడవ వస్తుందని కాచుకుని కూర్చున్నవాళ్ళు. 1986లో నేను వెళ్ళేసరికి అవి బయటపడి కొద్ది ఏళ్ళే, ఓడలో అందరం దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం.

వాళ్ళ కోసం బయలుదేరిన ఓడల కథ కూడా విను. ఖాతానికి ఆ కొసన మిసేనంలో రోమన్ నౌకాదళం ఉండేది, దాని అధిపతి పెద్ద ప్లినీ. కొండ మీద గొడుగు చెట్టులా లేచిన మబ్బు చూసి ఓడలు తీయించాడు. ఇంట్లో 17 ఏళ్ళ మేనల్లుడు ఉన్నాడు, "వస్తావా" అని అడిగాడు. "చదువుకోవాలి మామయ్యా" అన్నాడు వాడు. మామయ్య తిరిగి రాలేదు, స్తాబియే ఒడ్డున పోయాడు. ఆ మేనల్లుడే చిన్న ప్లినీ, తర్వాత మేనమామ చావు గురించి చరిత్రకారుడు టాసిటస్‌కి ఉత్తరం రాశాడు, ఆ రోజు ఏం జరిగిందో మనకి తెలిసింది ఆ ఉత్తరాల వల్లే. నువ్వూ ఆ బాపతే, చదువుకోవాలని ఇంట్లో కూర్చునే రకం. అన్నట్టు ఆ మామయ్యే తన పుస్తకంలో ఏటా 5 కోట్ల సెస్టర్సుల (అప్పటి రోమన్ నాణేలు) రోమ్ సొమ్ము ఇండియా లాగేస్తోందని మొత్తుకున్నాడు. ఆ సొమ్ములో కొంతే మన నల్గొండలో తేలింది.

ఎర్కొలానోకి గారిబాల్ది స్టేషన్ కింద నుంచి చిర్కుమ్‌వెసువియానా లోకల్ రైలు, ఇరవై నిమిషాలు. "ఎర్కొలానో స్కావీ" అనే స్టాపు. స్కావీ అంటే తవ్వకాలు, ఆ మాట లేని స్టాపులో దిగొద్దు. స్టేషన్ నుంచి సముద్రం వైపు దిగుడుగా పది నిమిషాల నడక. వచ్చేటప్పుడు అదే ఎక్కుడు, మీ అమ్మకి టాక్సీ పిలువు, రెండు యూరోల కోసం చూడకు.

రైళ్ళలో జేబుల జాగ్రత్త. తలుపు దగ్గర నిలబడకు, సంచి ముందు వైపు వేసుకో, ఫోను వెనక జేబులో వద్దు. అంతకుమించి భయపడాల్సిన ఊరు కాదది. పక్కన పొత్సువోలి వైపు భూమి నెమ్మదిగా పైకి లేస్తోంది, చిన్న చిన్న కంపాలు వస్తుంటాయి. గది కాస్త ఊగితే ఊరివాళ్ళు ఏం చేస్తున్నారో చూసి అదే చెయ్యండి.

చివరగా నాకొకటి కావాలి. కొట్లలో ఎర్రటి కొమ్ములు వేలాడుతుంటాయి, కొర్నిచెల్లో అంటారు. చూస్తే అచ్చం మన ఎండుమిరపకాయే. దిష్టికి కట్టుకుంటారు, మనం గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టినట్టు. దానికొక షరతుంది. తన డబ్బుతో తనే కొనుక్కుంటే పనిచేయదు, ఎవరైనా ఇవ్వాలి. 1986లో నాకీ సంగతి తెలియదు. ముచ్చటపడి ఒకటి కొనుక్కుని మెళ్ళో వేసుకున్నాను. ఆ సాయంత్రమే కిక్కిరిసిన రైల్లో నా పర్సు పోయింది, నెల జీతంతో సహా.

అందుకని ఈసారి నువ్వు కొని తీసుకురా.

మీ మామయ్య
విశాఖపట్నం